బాగుందండి, ఎవరు చెప్పింది?

చాలా ఏళ్ల కిందట గోదావరి మీద ఒక పడవ సరంగుతో మాట్లాడి, ఆయన చెప్పిందంతా ఫోనులో రికార్డు చేసుకొచ్చాను. ఇంటికొచ్చి యాస తీసేసి, వాక్యాలు సరిచేసి అచ్చుకిచ్చాను. "సుడి కాడ నీరు లాగేత్తాదండి" అన్నది నా చేతిలో "అక్కడ ప్రవాహ వేగం అధికం" అయింది. పత్రిక పట్టుకెళ్లి చదివి వినిపిస్తే ఆయన మర్యాదగా తలూపాడు. "బాగుందండి బాబుగారూ. ఇంతకీ ఎవరు చెప్పిందండి?"

ఇంగ్లిషు కవయిత్రి ఆలిస్ ఓస్వాల్డ్ రాసిన 'డార్ట్' తెరిచినప్పుడల్లా ఆ ప్రశ్న గుచ్చుతుంది. డార్ట్ నైరుతి ఇంగ్లండులో, డెవన్‌లో పారే నది. డార్ట్‌మూర్ బీళ్ల మీద చిత్తడి నేలలో పుట్టి డార్ట్‌మత్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి ముందు పిల్లకాలువే. ఆవిడ ఆ నదిని నమ్ముకుని బతికేవాళ్ల దగ్గరికి వెళ్లి మాటలు రికార్డు చేసుకుంది. దొంగచాటుగా సాల్మన్ చేపలు పట్టేవాడు, పడవలు కట్టేవాడు, ఉన్ని మిల్లులో, పాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు, అందరూ ఉన్నారు. 2002లో వచ్చిన ఆ పుస్తకమంతా ఒకే కవిత. ఎవరు మాట్లాడుతున్నారో మార్జిన్లో చిన్నగా రాసి ఉంటుంది, అంతే. గమనించేలోపే ఇంకొకరి గొంతులో పడిపోతాం.

నాకు బాగా నచ్చినవాడు మురుగునీటి కేంద్రంలో పనిచేసే మనిషి. ఘనపు మీటర్ల లెక్కలు, పంపింగు, మడ్డి తేర్చడం, ఇవే అతని మాటలు. ఆవిడ వాటికి అత్తరు పూయలేదు. ఆ లెక్కల్లోనే లయ పట్టుకుంది. ఆ ఏడు టి.ఎస్. ఇలియట్ బహుమతి ఈ పుస్తకానికే వచ్చింది.

ఈ చెవి ఎక్కడిది? ఆక్స్‌ఫర్డులో గ్రీకు, లాటిన్ చదివాక ఆవిడ తోటమాలిగా పనిచేసింది. కలుపు తీసేటప్పుడు కళ్లూ చేతులూ పనిలో ఉంటాయి, చెవులే ఖాళీ. ఇది నా ఊహే లెండి.

2011లో 'మెమోరియల్' వచ్చింది. గ్రీకు మహాకావ్యం ఇలియడ్‌లోంచి కథ మొత్తం తీసేసి, చచ్చిపోయిన సైనికుల్నీ ఉపమానాల్నీ మాత్రం మిగిల్చింది. మొదటి పేజీలన్నీ ఉత్త పేర్లే, రెండు వందల దాకా. దాన్ని కాగితం చూడకుండా వేదిక మీద చెబుతుంది. అవధానుల ధారణ ఎరిగిన మనకు వింత కాదు గానీ, ఇంగ్లండులో వింతే. 2019లో ఆక్స్‌ఫర్డు కవిత్వ ఆచార్య పదవి చేపట్టింది. 1708లో మొదలైన ఆ పీఠం మీద కూర్చున్న మొదటి స్త్రీ ఆవిడే.

సరంగుగారి రికార్డు కోసం మొన్న పాత ఫోనంతా వెతికాను. అచ్చయిపోయింది, ఇంకెందుకులే అని అప్పుడే చెరిపేసినట్టున్నాను.