మార్కు మిగిలి, పుట పోయినచో
పాత వీడియో ఆటల సమీక్షలను భద్రపరచు పద్ధతులపై విమర్శ

ఇంగ్లండు దేశమున ష్రాప్‌షైరు మండలములో లడ్లో అను చిన్న పట్టణము కలదు. 1984వ సంవత్సరమున అచ్చటినుండి ‘క్రాష్’ అను మాసపత్రిక వెలువడ నారంభించెను. సింక్లేరు కంపెనీవారి జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అను గృహోపయోగ కంప్యూటరుపై ఆడు ఆటలను సమీక్షించుటయే దాని ముఖ్యమైన పని. ఆ ఆటలు సామాన్యముగా క్యాసెట్టు టేపులపై అమ్మబడుచుండెను. సమీక్షకులలో పలువురు ఆ ఊరి బడిపిల్లలే. ఒక్కొక్క ఆటను సాధారణముగా ముగ్గురు ఆడి చూచెడివారు. ముగ్గురి అభిప్రాయములను విడివిడిగా అచ్చువేసి, చిత్రములకు ఇంత, ఆడుటలోని ఇంపునకు ఇంత, పెట్టిన ధరకు తగిన విలువకు ఇంత అని శాతములలో మార్కులు వేసెడివారు.

ఆ పత్రికను నడపిన న్యూస్‌ఫీల్డు సంస్థ 1991లో దివాలా తీసెను. 1992లో ఆనాటి క్రాష్ ఆగిపోయెను. అయినను ఆ సమీక్షలను నేడు మనము ఇంటర్నెట్టులో చదువగలము. కొందరు అభిమానులు వాటిని టైపుచేసి ఉంచిరి. కొందరు మార్కులను మాత్రము పట్టికల కెక్కించిరి. మరికొందరు పుటలనే స్కానరు యంత్రముపై ఉంచి, వాటి ప్రతిబింబములను తీసి అందరికిని పంచిరి. ఈ పద్ధతులన్నియు ‘భద్రపరచుట’ అను ఒకే పేరుతో చలామణి యగుచున్నవి. అవి నిజముగా ఒకే పని చేయుచున్నవా? ఈ వ్యాసమున మనము పరిశీలింపవలసినది ఇదియే.

ముందుగా ఒక సందేహమును తీర్చుకొందము. ఆటలను దాచినచో చాలదా, సమీక్షలతో పని యేమి అని కొందరు అడుగవచ్చును. ఆటలే దొరకుట లేదని దానికి మొదటి సమాధానము. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను అను అమెరికా సంస్థ 2023లో ఒక పరిశీలన ఫలితములను ప్రకటించెను. ఆ దేశమున 2010కి పూర్వము విడుదలయైన ఆటలలో 87 శాతము నేడు అంగడిలో కొనుటకు లభింపవని అందు తేలెను. గ్రంథాలయములు అట్టి ఆటలను పరిశోధకులకు దూరమునుండి చూపుటకు అనుమతి కోరగా, అమెరికా కాపీరైటు కార్యాలయము 2024 అక్టోబరులో నిరాకరించెను. కనుక అనేక ఆటల విషయమున సామాన్యుని చేతికందునది ఆనాటి సమీక్ష యొక్కటియే.

రెండవ సమాధానము ఇంకను ముఖ్యమైనది. ఆట దొరకినను, అది వచ్చిననాటి చూపు దానితో దొరకదు. 1995లో అమెరికాలో విడుదలయైన ‘ఎర్త్‌బౌండ్’ అను ఆటకు ఆనాటి పత్రికలలో చెప్పుకోదగిన మెప్పు రాలేదు, అమ్మకములును స్వల్పమే. తరువాతి తరము దానిని ఉత్తమమైన ఆటలలో నొకటిగా నెన్నుకొనెను. ఈ మార్పు ఎట్లు వచ్చెనో తెలియవలెనన్న, మొదట ఎవరు ఏమనిరో తెలియవలెను. మనిషి జ్ఞాపకము ఇందుకు చాలదు. మెచ్చుకొన్న తరువాత, మేము మొదటినుండియు మెచ్చుకొంటిమనియే అందరును తలచెదరు. తేదీతో అచ్చయిన పుట మాత్రము అట్లు మాట మార్చదు.

ఇక పద్ధతులలో మొదటిదగు టైపు ప్రతిని చూతము. క్రాష్, జాప్!64, యువర్ సింక్లేరు మున్నగు పత్రికల సమీక్షలను అభిమానులు అక్షరమక్షరము టైపుచేసి ఉంచిరి. ఇంటర్నెట్టు తీగలు మిక్కిలి మందముగా పనిచేయుచుండిన దినములలో ఇది ఉత్తమమైన ఉపాయము. ఒక పుటలోని 5,000 అక్షరములు ఇంగ్లీషులో సుమారు 5,000 బైట్ల చోటు మాత్రమే తీసికొనును. కావలసిన మాటను వెదకవచ్చును. చూపులేని పాఠకునకు కంప్యూటరు ఆ పాఠమును చదివి వినిపింపగలదు. ఈ గుణములను తక్కువగా చూడరాదు.

కాని టైపుచేయువాడు తనకు ముఖ్యమని తోచినదానినే ఎత్తివ్రాయును. ముగ్గురి అభిప్రాయములు పుటపై మూడు గడులలో ఎదురెదురుగా నుండి వాదించుకొనుచున్నట్లు కనబడును. టైపు ప్రతిలో అవి ఒకదానిక్రింద నొకటి వరుసగా దిగి ఒకే వ్యాసమువలె నగును. బొమ్మలు పోవును. ఎదుటి పుటలో అదే ఆట ప్రకటన ఉండెనా లేదా అనునది పోవును. ప్రకటనల సొమ్ముపై బ్రదుకు పత్రికలో ఏ ఆట సమీక్ష ప్రక్కన ఏ కంపెనీ ప్రకటన ఉన్నదో చూడక, సమీక్షకుని నిష్పాక్షికతను గూర్చి మనమేమి చెప్పగలము?

ఈ లోపము తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. వారపత్రికలలో వచ్చు ధారావాహిక నవలలను వారము వారము చించి, కుట్టించి, అట్ట వేయించి దాచుకొనుట మన ఇండ్లలో చిరకాలముగా నున్న అలవాటు. నవల దక్కినది; సంతోషమే. కాని అది ఏ సంవత్సరమున వచ్చెనో, ఏ వారము ఆగి మరల సాగెనో, పాఠకులు లేఖలలో ఏమని తగవులాడిరో ఆ బైండు పుస్తకము చెప్పదు. చించిన చేతులు ప్రేమతో చించినవే. అయినను ఆ తెలియవలసినదంతయు చిత్తుకాగితముల వానికి పోయినది.

రెండవ పద్ధతి మార్కుల పట్టిక. ఇది మొదటిదానికంటె అపాయకరమైనది. ఏలనన, చూచుటకు శాస్త్రీయముగా నుండును. 1999లో ఆరంభమైన మోబీగేమ్స్, అదే సంవత్సరమున ఆరంభమై 2019 వరకు నడచిన గేమ్‌రాంకింగ్స్ మున్నగునవి వేర్వేరు పత్రికల మార్కులను నూటికి మార్చి సగటు కట్టినవి. ఏ ఆటను ఏ పత్రిక సమీక్షించెనో వెదకుటకు ఇవి చక్కని సూచికలు. కాని ఆ సగటునే తీర్పుగా గైకొనరాదు.

ఒక ఉదాహరణమును చూడుడు. జపానులో 1986లో ఆరంభమైన ‘ఫామిట్సు’ పత్రిక పద్ధతిలో నలుగురు సమీక్షకులు తలకు 10 చొప్పున మొత్తము 40కి మార్కులు వేయుదురు. నలుగురును పూర్ణముగా పది వేసిన మొదటి ఆట 1998లో వచ్చిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఓకరీనా ఆఫ్ టైమ్’. ఇప్పుడు రెండు ఆటల నూహింపుడు. ఒకదానికి 8, 8, 7, 7 వచ్చినవి. రెండవదానికి 10, 10, 5, 5 వచ్చినవి. రెండింటికిని మొత్తము 30, నూటికి 75. మొదటిది అందరికిని ఒక మోస్తరుగా నచ్చిన ఆట. రెండవది ఇద్దరిని ముగ్ధులను చేసి, ఇద్దరిని విసిగించిన ఆట. పట్టికలో రెండును కవలపిల్లలు! చరిత్రకారునకు కావలసినది ఆ భిన్నాభిప్రాయమే గదా. సగటు కట్టగనే పోవునది కూడ అదియే.

కొలబద్దలలోని భేదము మరియొక చిక్కు. 1991 మొదలు 1996 వరకు నడచిన ‘అమిగా పవర్’ అను ఇంగ్లీషు పత్రిక, సగటు ఆటకు 50 శాతమే తగునని నియమము పెట్టుకొనెను. ఆ కాలపు ఇతర పత్రికలు పెక్కింటిలో 70 శాతము వచ్చినను అది సామాన్యమైన ఆటయనియే పాఠకులు గ్రహించెడివారు. అట్లయిన ఒకదానిలోని 50ని, వేరొకదానిలోని 70ని కూడి సగముచేసిన వచ్చు 60 దేనిని కొలుచుచున్నది? ఫారెన్‌హీటు డిగ్రీలను సెంటిగ్రేడు డిగ్రీలతో కూడి సగటు తీసినట్లే యగును. ధరకు తగిన విలువయను మార్కును చూడుడు. 1980 దశకమున మాస్టర్‌ట్రానిక్ కంపెనీ తన టేపులను 1.99 పౌనులకే అమ్మెను. ఇతరుల ఆటలు పెక్కు అంతకు రెండు మూడు రెట్లు ధర పలికెను. సమీక్ష తలకట్టులోని ధరను విడిచి ఆ మార్కును మాత్రము వ్రాసికొన్నచో అది అర్థములేని అంకె యగును.

మూడవ పద్ధతి పుట ప్రతిబింబము. ఆమిగా మ్యాగజైన్ ర్యాక్, వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్, ఇంటర్నెట్ ఆర్కైవు మున్నగుచోట్ల ఇట్టివి వేలకొలది చేరినవి. ఇందలి శ్రమ బయటివారికి తెలియదు. ఎ4 పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున తీసినచో అడ్డముగా 2,480, నిలువుగా 3,508, మొత్తము సుమారు 87 లక్షల చుక్కలగును. చుక్కకు మూడు బైట్ల చొప్పున రంగులను గుర్తించిన, కుదింపక ముందు ఒక్క పుటకే 2 కోట్ల 60 లక్షల బైట్ల చోటు కావలెను. 600 చుక్కలకు హెచ్చించినచో అది నాలుగు రెట్లగును. హెచ్చింపక తప్పదా? పత్రికలోని రంగుబొమ్మ సహితము సన్నని సిరాచుక్కల వరుసలే. స్కానరు చుక్కల వరుసయు, అచ్చుచుక్కల వరుసయు దాపుదాపుగా నున్నచో, రెండు దోమతెరల నొకదానిపై నొకటి పరచినపుడు కనబడు అలలవంటి చారలు బొమ్మపై తేలును. అందుచేత ఎక్కువ చుక్కలతో తీసి, తరువాత సరిచేసి తగ్గించుట మేలు.

కాగితమును చూడవలెను. చౌకకాగితమునందలి లిగ్నిన్ అను పదార్థము వెలుతురు, గాలి తగిలి పసుపువన్నె కెక్కును. తీగకుట్టు పత్రికను విప్పి పరచి మరల కుట్టవచ్చును. జిగురుతో అంటించిన వీపుగల పత్రికను చక్కగా పరచవలెనన్న తరచుగా వీపు కోయవలసి వచ్చును. ఒక ప్రతి చచ్చి వేయి ప్రతులకు ప్రాణము పోయును. కనుక కోయువాడు తక్కువ చుక్కలతో, అట్టలను ప్రకటనలను విడిచి పనిని ముగించినచో, ఆ తప్పును దిద్దుటకు మరల ఆ ప్రతియే యుండదు.

ప్రతిబింబమునకు గల పెద్దలోపము, అది మూగది. వేయి సంచికలలో ఒక ఆట పేరును వెదకవలెనన్న పుటలు త్రిప్పుట తప్ప గతిలేదు. అందుచేత ప్రతిబింబమును, దాని వెనుక కంప్యూటరు గుర్తించిన పాఠమును జతచేయుట నాలుగవ పద్ధతి. పైని పేర్కొన్న ఫౌండేషను 2025 జనవరిలో తెరచిన డిజిటలు గ్రంథాలయము ఇట్టిదే. అచ్చునుండి తొలగిన 1,500లకు పైగా సంచికలలోని మాటలను అందు వెదకవచ్చును. నేను చూచిన పద్ధతులలో ఇదియే ఉత్తమమని నా అభిప్రాయము. అయినను ఒక హెచ్చరిక అవసరము. నూటికి 99 అక్షరములను సరిగా గుర్తించు యంత్రము సహితము 5,000 అక్షరముల పుటలో 50 తప్పులు చేయును. ఆటల పత్రికలో రంగు నేలపై వంకరగా అచ్చువేసిన అక్షరములు మెండు. అచ్చట తప్పులు ఇంకను హెచ్చు. 83 శాతము 88 అగుటకు ఒక్క గీత చాలును. యంత్రము చదివిన పాఠము పుటకు దారిచూపు పలక మాత్రమే. సాక్ష్యముగా చూపవలసినది పుటనే.

మొత్తము పుటను పంచుటలోను చిక్కులు లేకపోలేదు. మొదటిది హక్కు. నింటెండో పవర్ పత్రిక సంచికలు 2016లో ఇంటర్నెట్ ఆర్కైవునుండి హక్కుదారుల కోరికపై తొలగింపబడెను. బ్రిటిషు చట్టము ప్రకారము రచయిత మరణించిన పిమ్మట 70 సంవత్సరముల వరకు హక్కు నిలుచును. 1984లో 15 ఏండ్ల బాలుడుగా సమీక్ష వ్రాసినవాడు 80 ఏండ్లు జీవించినచో, ఆ అరపుట వ్రాత 2119 వరకు బంధమునందే యుండును. ప్రచురించిన సంస్థ ఏనాడో మూతపడినది. అడుగుదమన్న ఎవరి నడుగవలెనో తెలియదు. అంతవరకు కాగితము వేచియుండదు. ఇందు వరల్డ్ ఆఫ్ స్పెక్ట్రమ్ వారు ఆటల విషయమున నడచిన త్రోవ మెచ్చదగినది. వారు హక్కుదారులను అడిగిరి. కాదన్నవారి ఆటలను పంచక, కాదనిరను సంగతిని నమోదు చేసిరి. దాచుట వేరు, పంచుట వేరు. పంచుటకు వీలులేనిదానినైనను దాచుట మానరాదు.

రెండవ చిక్కు పాఠకులది. ఆ పత్రికలలో ఉత్తరములు వ్రాసిన పిల్లల పేర్లు, ఊర్లు, ఒక్కొక్కచో ఇంటి చిరునామాలు కూడ అచ్చయినవి. నెల తిరుగగనే చెత్తబుట్టకు పోవు పత్రికలో అది చెల్లినది. ఎవరైనను ఒక పేరు కొట్టగనే పుట తెరచుకొను గ్రంథాలయమున అది చెల్లదు. పుట ప్రతిబింబమును చెరుపకుండ, వెదకు పాఠమునుండి మాత్రము చిరునామాలను తొలగించినచో చరిత్రకు హాని కలుగదు, మనుష్యులకును హాని కలుగదు.

కాబట్టి మంచి భాండారము ప్రతి సమీక్షకును కొన్ని సంగతులను విధిగా జతచేయవలెను: పత్రిక పేరు, సంచిక సంఖ్య, అట్టపై నెల, తెలిసినచో అమ్మకమునకు వచ్చిన నెల, ఆట ధర, ఆడిన యంత్రము, ఆ పత్రిక వాడిన కొలబద్ద, లేని పుటల వివరము. అట్టపై నెలను మాత్రమే నమ్మరాదు. క్రాష్ మొదటి సంచికపై ఫిబ్రవరి అని యున్నను అది జనవరిలోనే అంగళ్లకు వచ్చెను.

చదువరులలో ఎవరి యింటనైనను, ఈ దేశమునగాని విదేశముననగాని కొన్న పాత ఆటల పత్రికలు అటకపై నుండవచ్చును. వాటిని కోయుటకు ముందు మరియొక ప్రతి ఎచ్చటనైన ఉన్నదేమో విచారింపుడు. అట్టమొదలు అట్టవరకు, ప్రకటనలతో సహా తీయుడు. చినిగిన పుటను అతికి దాచవద్దు. చినిగినదని వ్రాసి ఉంచుడు. మీకు నచ్చని సమీక్షను కూడ విడువవద్దు.