బ్యాక్‌లో నిలబడేవాడు

1970 డిసెంబరులో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టు జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకి మరో పతకం రాలేదు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఆడేది డిఫెన్స్‌లో. మా గోదావరి జిల్లాల్లో ఆటంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లని ఆయన ఎవరని అడిగి చూడండి, మొహమొహాలు చూసుకుంటారు. వాళ్లననడానికేం లేదు. గోల్ కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. గోల్ పడకుండా చూసినవాడి పేరు ఎక్కడ వేయాలో మనకింకా తెలీదు.

నేనూ బ్యాకే ఆడాను. కోనసీమలో చేను ఖాళీగా దొరికేది కొద్ది రోజులే. సార్వా కోతలవగానే దాళ్వాకి నీళ్లు పెట్టేస్తారు. దాళ్వా ధాన్యం కూడా ఇళ్లకు చేరి, కాలువలు కట్టేశాక, మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలేదాకా ఉండే ఆ వేసవే పిల్లలకి గ్రౌండు. ఎండిన వరి దుబ్బుల మీద బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. ఎంత నేర్పున్న ఫార్వర్డుకైనా ఎక్కడో ఒకచోట దుబ్బు తగిలి, బంతి కాలికి జానెడు దూరం జరుగుతుంది. ఆ జానెడు కోసమే బ్యాక్ ఆడేవాడు కాచుకుని ఉండాలి. తొందరపడి కాలు చాపాడా, వాడు పక్కనుంచి జారిపోతాడు, వెనక గోలీ ఒక్కడే మిగులుతాడు.

ఈ పని బయటికి కనపడదు. ఎదుటివాడు బంతితో మీదకొస్తున్నప్పుడు మంచి బ్యాక్ ఎదురు పరిగెత్తడు. ఒళ్లు కొంచెం పక్కకి తిప్పి, మోకాళ్లు వంచి, చిన్న చిన్న అడుగులతో వెనక్కి జరుగుతాడు. చూపు ఎదుటివాడి కళ్ల మీద పెట్టకూడదు, కళ్లు అబద్ధం చెబుతాయి. పాదాలూ చెబుతాయి. నడుము మాత్రం చెప్పలేదు. కుడికాలి ఆటగాడైతే ఎడమ వైపు దారి వదిలి, మెల్లగా గీత వైపుకి తోసుకుపోవాలి. అక్కడ గీతే రెండో బ్యాక్. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి మూలకి రానిచ్చి, వాడు వెనక్కి మళ్లే క్షణంలో మడమ అందుకునేవాడి ఓపిక ఇది. మన పిల్లల ఒంట్లో ఆ ఓపిక పుట్టుకతోనే ఉంది. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి దాన్ని ఎవరూ వాడుకోరు.

ఈ ఓపికకి పరాకాష్ఠ చూడాలంటే 1974 జులై 7న మ్యూనిక్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ చూడాలి. పశ్చిమ జర్మనీ, నెదర్లాండ్స్. జర్మనీ అంటే అందరూ కెప్టెన్ బెకెన్‌బావర్ పేరే చెబుతారు. నాకు మాత్రం ఆ మ్యాచ్ బెర్టీ ఫోగ్ట్స్‌ది. పొట్టి మనిషి, రైట్ బ్యాక్. ఆ రోజుల్లో ప్రపంచం మొత్తాన్నీ ఊపేస్తున్న యోహాన్ క్రాయిఫ్‌ని పట్టుకోవడం అతని వంతు. ఆట మొదలైన నిమిషంలోనే క్రాయిఫ్ అతన్ని దాటుకుని పెనాల్టీ బాక్సులోకి దూసుకుపోయాడు, ఇంకో జర్మన్ పడగొట్టాడు. నీస్కెన్స్ పెనాల్టీ గోల్ చేశాడు. అప్పటికి జర్మన్ల కాలికి బంతి తగలనే లేదు. నాలుగో నిమిషానికల్లా ఫోగ్ట్స్‌కి ఎల్లో కార్డు కూడా పడింది.

అక్కడి నుంచి అతని పరిస్థితి ఆలోచించండి. ఇంకొక్క తప్పు ట్యాకిల్ చేస్తే బయటికి పోవాలి, జట్టు పదిమందితో ఆడాలి. చేయకపోతే క్రాయిఫ్ పోతాడు. మిగిలిన ఎనభై ఆరు నిమిషాలూ ఫోగ్ట్స్ నీడలా వెంటే తిరిగాడు. విసుగెత్తిన క్రాయిఫ్ బంతి కోసం వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లాడు. గోల్‌కి దూరంగా ఉన్న క్రాయిఫ్ వల్ల జర్మనీకి భయం లేదు. హాఫ్ టైమ్‌లో రిఫరీతో వాదించి అతనూ ఎల్లో కార్డు తెచ్చుకున్నాడు. జర్మనీ 2-1తో గెలిచింది. రికార్డుల్లో ఉన్న పేర్లు మాత్రం నీస్కెన్స్, బ్రైట్నర్, ముల్లర్, గోల్స్ కొట్టిన ముగ్గురివీ.

ఫోగ్ట్స్ బోరుసియా మెన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ అనే ఒకే క్లబ్బుకి పద్నాలుగేళ్లు ఆడాడు, ఐదుసార్లు లీగ్ గెలిచాడు. దేశానికి 96 మ్యాచ్‌లు ఆడాడు. ఆఖరిది 1978 ప్రపంచకప్‌లో, కోర్డోబాలో ఆస్ట్రియా మీద. అందులో బంతి అతనికి తగిలి సొంత గోల్‌లోకే వెళ్లింది, జర్మనీ 3-2తో ఓడింది. స్కోరుబోర్డు మీద బెర్టీ ఫోగ్ట్స్ పేరు కనపడింది అలా. ఇంత అన్యాయం ఇంకే ఆటగాడికీ జరగదు, బ్యాక్ ఆడేవాడికి తప్ప.

మన దగ్గరా అంతే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతుల మీదుగా మనకి స్వర్ణం వచ్చింది. ఆ టోర్నీలో పంజాబీ స్టాపర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలి కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని ఫార్వర్డుగా దించాడు. సెమీఫైనల్లోనూ, దక్షిణ కొరియాతో ఫైనల్లోనూ అతను గోల్స్ కొట్టాడు. ఈరోజుకీ జర్నైల్ అంటే ఆ గోల్స్ కథే చెబుతారు. అంత గొప్ప స్టాపర్ ఎన్ని దాడులు ఆపాడో చెప్పేవాళ్లు లేరు.

రహీం సాబ్ హైదరాబాద్‌లో బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతో, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో పోటీలు పెట్టేవాడు. కాళ్ల కంటే ముందు బుర్ర పనిచేయాలని. నయీముద్దీన్ ఆటగాడిగా ఎదిగింది ఆ ఊళ్లోనే. తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. ఒకరి మొహం ఒకరు చూడని ఆ మూడు క్లబ్బుల అభిమానులూ ఒకే మనిషిని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. అర్జున అందుకున్నారు. కోచ్ అయ్యాక 1990లో ఈస్ట్ బెంగాల్‌కి ఒకే ఏడాది డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ తెచ్చిపెట్టారు. ద్రోణాచార్య వచ్చింది. 1997లోనూ 2005లోనూ భారత జట్టు దక్షిణాసియా కప్పు గెలిచినప్పుడు కోచ్ ఆయనే. క్రమశిక్షణ విషయంలో మహా కఠినుడని పేరు. బ్యాక్ ఆడినవాడు అలా కాక ఇంకెలా ఉంటాడు? ముందున్నవాడు పది తప్పులు చేసినా ఒక్క గోల్‌తో మాఫీ అవుతాయి. వెనకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనైనా, మా పల్లెటూరి స్కూల్లోనైనా జట్టు పంచేటప్పుడు ఇప్పటికీ చివరికి మిగిలినవాణ్ణే బ్యాక్‌లో నిలబెడుతున్నారు. లావుగా ఉన్నవాడు, పరిగెత్తలేనివాడు, కొత్తగా వచ్చినవాడు. డ్రిల్లు మాస్టార్లకి నా మనవి ఒక్కటే. వచ్చే వేసవి శిబిరాల్లో బంతి ఎటు పోతుందో అందరికంటే ముందు కనిపెట్టే పిల్లనో పిల్లాడినో ఎంచి బ్యాక్‌లో పెట్టండి. నయీముద్దీన్ గురించి ఓ పది నిమిషాలు చెప్పండి. తల్లిదండ్రులూ, ఆట నుంచి ఇంటికొచ్చిన పిల్లల్ని ఎన్ని గోల్స్ కొట్టావని అడక్కండి. ఈరోజు ఎవర్ని ఆపావో అడగండి.