పట్టికలోంచి జారిపోయిన క్రియలు

ఇంగ్లీషు క్రియల్ని మన బడుల్లో వి1, వి2, వి3 అని మూడు వరుసలుగా బట్టీ పట్టిస్తాం. 'గో, వెంట్, గాన్' అంటూ పిల్లలు రాగం తీస్తారు. ఆ పట్టిక చెప్పినప్పుడల్లా అందులోంచి జారిపోయిన పాత రూపాలు కొన్ని చెప్పడం నాకు అలవాటు. పరీక్షకు రావని తెలిసినా చెబుతాను.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 'స్పోక్' అనాల్సిన చోట 'స్పేక్', 'గాట్' అనాల్సిన చోట 'గ్యాట్' కనిపిస్తాయి. 'హెల్ప్' అక్కడక్కడ 'హోల్పెన్' అవుతుంది. యాకోబు కోపంతో లాబానును నిలదీసిన చోట 'చైడ్'కు భూతకాలం 'చోడ్'. ఇప్పుడది 'చైడెడ్'. ఇస్సాకు పనివాళ్లు బావులు తవ్విన చోట మాత్రం కథ తిరగబడింది. అక్కడున్నది 'డిగ్డ్', మనం నేర్పేది 'డగ్'. దారి తప్పిన క్రియలు దారికి రావడమే ఎక్కువ. దారిలో ఉన్నవి తప్పడమూ ఉంది.

వీటిని ఏ పండితుడూ కొట్టేయలేదు. తరచూ చెవిన పడని రూపం పసివాడి నోట నిలవదు. గుర్తు రానప్పుడు వాడు 'ఇడి' తగిలించేస్తాడు. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రాచీన ఆంగ్లంలోని 177 అపక్రమ క్రియల్ని పరిశీలిస్తే, నేటికి అలా మిగిలినవి 98. వాడకం నూరు రెట్లు తక్కువైన క్రియ పది రెట్లు వేగంగా మామూలు దారికి వస్తుందని తేల్చింది. రోజూ నోట నానే 'గో'కు 'ఇడి' అంటలేదు. దాని పాత భూతకాలం 'యోడ్' పోయినా, ఆ చోటులోకి 'వెండ్' అనే వేరే క్రియ నుంచి 'వెంట్' వచ్చి కూర్చుంది.

పోయినవాటిలో కొన్ని విశేషణాలుగా బతికాయి. 'వర్క్'కు పాత భూతకాలమైన 'రాట్' మన కిటికీ గ్రిల్స్‌కు వాడే రాట్ ఐరన్‌లో ఉంది. 'మెల్ట్' నుంచి వచ్చిన 'మోల్టెన్' సైన్సు పుస్తకంలో లావా పక్కన ఉంది. ఈ రెండూ చూపిస్తే పిల్లల కళ్లు వెలుగుతాయి.

అందుకే ఎవరైనా 'టీచ్డ్' అనో 'క్యాచ్డ్' అనో రాస్తే నాకు కోపం రాదు. 'క్యాచ్డ్' ఒకప్పుడు ఇంగ్లీషు రచయితలే రాసిన మాట. ఆ జవాబు దిద్దాల్సిందే. దిద్దే ముందు, నువ్వు సూత్రం పట్టుకున్నావు, ఈ మాటకు మాత్రం లోకం ఇంకా పాత రూపమే వాడుతోంది అని చెప్పాలి. అలా చెప్పించుకున్న పిల్లలు తర్వాతి మాటను బట్టీ పట్టరు, ఇదెందుకిలా అని అడుగుతారు. భాష నేర్పే పనిలో నాకు ఇంతకు మించిన ఫలితం అక్కర్లేదు.