మీట నొక్కిన చెయ్యి

చిమమాండా ఎన్‌గోజీ అదీచీ నవల ‘హాఫ్ ఆఫ్ ఎ యెల్లో సన్’ 2006లో వచ్చింది. నైజీరియా నుంచి విడిపోయి 1967లో ఏర్పడి, 1970లో ఓడిపోయి మాయమైన బయాఫ్రా దేశం కథ అది. చదివినవాళ్లు ఎక్కువగా ఒలన్నా, కైనేనే అనే కవల అక్కచెల్లెళ్ల గురించో, వాళ్ల ప్రేమల గురించో, ఆకలితో పొట్టలుబ్బిన పిల్లల గురించో మాట్లాడతారు. నాకు మాత్రం ఉగ్వు దగ్గర ఆగిపోవాలనిపిస్తుంది. ఉగ్వు పల్లెటూరి పిల్లోడు. యూనివర్సిటీలో లెక్కల పాఠాలు చెప్పే ఒడెనిగ్బో ఇంట్లో వంటపనికి చేరతాడు. అక్కడే చదువుకుంటాడు. యుద్ధం ముదిరాక బయాఫ్రా సైనికులు అతన్ని దారిలో పట్టుకుని బలవంతంగా సైన్యంలో వేస్తారు. అతని చేతికి వచ్చిన ఆయుధం పేరు ఒగ్‌బునిగ్వే. దాన్ని పేల్చడంలో చెయ్యి తిరిగినవాడని తోటివాళ్లు ‘టార్గెట్ డిస్ట్రాయర్’ అని పేరు పెడతారు.

ఈ ఒగ్‌బునిగ్వే కల్పన కాదు. చుట్టూ దిగ్బంధం, బయటి నుంచి ఆయుధాలు రావడం కష్టం. దాంతో బయాఫ్రా తన సైంటిస్టులనీ ఇంజనీర్లనీ, యూనివర్సిటీ మేష్టర్లనీ ఒక పరిశోధన, ఉత్పత్తి విభాగంగా చేర్చింది. వాళ్లు దొరికిన ఇనుముతో, దొరికిన రసాయనాలతో తయారుచేసిన మందుపాతర ఇది. ఇగ్బో భాషలో ఆ మాటకు గుంపుల్ని చంపేది అని అర్థం. లోపల పేలుడు మందు, ముందువైపు ఇనప ముక్కలు, వెనక నుంచి దూరంగా పోయే వైరు. వైరు చివర ఒక మనిషి.

ఆ చివరి ముక్కే ముఖ్యం. కాలు పడితే పేలే మైను వేరు. దాన్ని పాతినవాడు ఇంటికెళ్లి నిద్రపోవచ్చు, ఎవరి కాలు పడుతుందో అతనికి తెలియదు. వైరుతో పేల్చేదానికి ఒక మనిషి నక్కి కూర్చోవాలి, వచ్చేవాళ్లను చూడాలి, ఇప్పుడు అని అనుకోవాలి, మీట నొక్కాలి. చూపుకీ చావుకీ మధ్య కొన్ని క్షణాలుంటాయి. నవలాకారులకు కావలసింది సరిగ్గా ఆ క్షణాలే. అదీచీ ఆ క్షణాల్లో ఉగ్వుని వదిలిపెట్టదు. భయం, గర్వం, వెంటనే పరిగెత్తి చచ్చినవాళ్ల ఒంటిమీది సరంజామా ఒలుచుకోవడం, అన్నీ రాస్తుంది.

ఇదే రకం వస్తువు మన తిరుపతిలో పేలింది. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి కొండెక్కుతున్న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర పీపుల్స్‌వార్ క్లెమోర్ మైన్లు పేల్చింది. ఆయన గాయాలతో బయటపడ్డారు. క్లెమోర్ అసలు అమెరికా సైన్యానిది, 1950లలో తయారైంది. ఒంపు తిరిగిన పలక, అందులో పేలుడు మందు, దాని ముందు సుమారు 700 ఉక్కు గుళ్లు. పలక మీద ఇంగ్లీషులో ‘ఈ వైపు శత్రువుకేసి పెట్టు’ అనే అర్థంలో మూడు మాటలు అచ్చేసి ఉంటాయి. మన అడవుల్లో తయారైనవి దానికి నాటు రూపాలు. పేరొకటే, సూత్రమొకటే, వైరు చివర మనిషి ఉండటమూ అంతే.

అలిపిరి గురించి మనకు మిగిలిందేమిటి? కారు బొమ్మ, ఆ తర్వాత ముందస్తు ఎన్నికల లెక్కలు, ఏడుకొండలవాడే కాపాడాడన్న మాట. మా పక్కన ఆ వయసువాళ్లు ఎవరిని కదిలించినా ఈ మూడే చెప్తారు. వైరు చివర కూర్చున్నవాడు కథలోకి రాడు. కాన్వాయ్‌లోని డ్రైవరూ రాడు. ఇది పత్రికల తప్పు అనను. పత్రిక ఆ రోజుకి రాస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా కథా నవలా ఆ చోటికి వెళ్లకపోవడం గురించే నా పేచీ.

తెలుగు సాహిత్యంలో ఆయుధానికి రెండే రెండు బతుకులు కనిపిస్తాయి. ఒకటి ఆటబొమ్మ బతుకు. మధుబాబు షాడో నవలలు చదివి పెరిగినవాళ్లకి ఇది బాగా తెలుసు. అక్కడ తుపాకీ ఎప్పుడూ మొరాయించదు, బరువుండదు, చచ్చినవాడికి ఇల్లుండదు. ఆ పుస్తకాలు చెప్పుకున్న పని అదే కాబట్టి వాటిమీద కోపం అనవసరం. రెండోది గుర్తు బతుకు. విప్లవ సాహిత్యంలో, దాన్నుంచి అరువు తెచ్చుకున్న సినిమాల్లో తుపాకీ అంటే తిరుగుబాటు, భుజాన ఉంటే ధైర్యం, నేలన పడితే అమరత్వం. అల్లం రాజయ్య నవల పేరు ‘కొలిమంటుకున్నది’. ఆ పేరులోనే ఒక పనిముట్టు ఉంది, ఒక వృత్తి ఉంది, పల్లె దాన్ని తాకి చూసిన అనుభవం ఉంది. అలాంటి పేరు పెట్టగలిగిన సంప్రదాయం తుపాకీ దగ్గరికి వచ్చేసరికి పనిముట్టును వదిలేసి జెండాను పట్టుకుంది.

అడవి లోపలి నుంచి రాసిన ఆడవాళ్ల కథలు ‘వియ్యుక్క’ సంపుటాలుగా వచ్చాక ఈ మాటను కొంచెం సవరించుకోవాలి. నడక, కిట్టు బరువు, సెంట్రీ కాపలా, వాన, జ్వరం, నెలసరి వాటిలో ఉన్నాయి. భుజం మీద తుపాకీ నిజంగా నొప్పెడుతుంది. అది చిన్న సంగతి కాదు. అయితే నేను చదివినంతలో ఆ కథలు కూడా పేలుడికి ఇవతలే ఉండిపోతాయి. పేలిన వాహనంలో ఎవరున్నారన్నది వాటి ప్రశ్న కాదు. క్లెమోర్ పలక మీది మూడు మాటలు అక్కడా పనిచేస్తూనే ఉంటాయి. శత్రువు ఎటున్నాడో ముందే అచ్చేసి ఉంది.

ఇదేదో మనవాళ్లకు వస్తువుల్ని చూడటం రాక కాదు. నామిని కథల్లో మడక, కాడి, ఎనుము ఎంత నిక్కచ్చిగా ఉంటాయో తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. మా నగరిలో మరమగ్గం నడిపే మనిషిని పలకరిస్తే నాడె ఎక్కడ తట్టుకుంటుందో, పోగు ఎప్పుడు తెగుతుందో శబ్దాన్ని బట్టి చెప్తాడు. పనిముట్టు నుంచి మనిషిని విడదీయకుండా చూడటం మనకు అలవాటే. ఆ చూపు మందుపాతర దగ్గర ఎందుకు మొహం తిప్పుకుంటుంది?

ఆఫ్రికా రచయితల్లో మూడో దారి పట్టినవాళ్లు అదీచీ ఒక్కతే కాదు. కెన్ సారో-వివా ‘సోజాబాయ్’ 1985లో వచ్చింది. అదే బయాఫ్రా యుద్ధం. మెనె అనే లారీ క్లీనర్ కుర్రాడు యూనిఫాం మోజుతో సైన్యంలో చేరతాడు. తర్వాత అవతలి సైన్యానికి డ్రైవరవుతాడు. రెండు వైపులా అతనికి ఒకే మనిషి ఎదురవుతుంటాడు. శత్రువంటే ఎవరని అతనడిగే ప్రశ్నకు పుస్తకమంతా జవాబు దొరకదు. ఐవరీకోస్ట్ రచయిత అహ్మదూ కురుమా ఫ్రెంచిలో రాసిన ‘అల్లా నె పా ఒబ్లిజె’ 2000 నాటిది. లైబీరియా, సియెర్రా లియోన్ యుద్ధాల్లో చిక్కుకున్న బిరహీమా అనే పిల్లాడు నాలుగు నిఘంటువులు పక్కన పెట్టుకుని కథ చెప్తాడు. కలాష్నికోవ్ అతనికి ముద్దుగా ‘కలాష్’. తోటి పిల్లసైనికుడు ఎవరైనా చస్తే కథ ఆపుతాడు. వాడెవడు, ఏ ఊరు, ఈ తుపాకీ దాకా ఎట్లా వచ్చాడు అని చెప్పి గానీ ముందుకు కదలడు. మన పేపర్లలో ‘గుర్తు తెలియని మావోయిస్టు’, ‘ఇద్దరు కానిస్టేబుళ్లు’ అని వచ్చే పంక్తుల్ని ఆ పుస్తకం తర్వాత మామూలుగా చదవలేం.

అదీచీని ఇక్కడ ఒక మాట అడగాలి. ఉగ్వు పేల్చిన మందుపాతరకు చచ్చిన నైజీరియా సైనికులకు ఆమె నవలలో మొహాల్లేవు. బయాఫ్రావాళ్లు వాళ్లను ‘వ్యాండల్స్’ అంటారు, నవల కూడా దాదాపు ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. ఈ విషయంలో సారో-వివా ఆమెకన్నా ముందుకెళ్లాడు. అయితే ఆమె చేసిన ఇంకో పని ఆయన చేయలేదు. మీట నొక్కిన చెయ్యే తర్వాత ఒక సారా అంగట్లో పనిపిల్ల మీద సామూహిక అత్యాచారంలో పాల్గొంటుంది. ఆ యుద్ధం గురించి పుస్తకం రాసేదీ చివరికి ఆ చెయ్యే. పాఠకుడు ఉగ్వుని ప్రేమించాకే ఈ సంగతి ముందు పెడుతుంది అదీచీ. తప్పించుకోవడానికి దారి ఉండదు. మన కథల్లో ‘మనవాడు’ ఇంత దూరం వెళ్లడం నేను చూడలేదు.

మందుపాతర కథకు రెండో సగం వాహనం. అదీ ఆఫ్రికాతోనే మొదలవుతుంది. రొడీషియాలో, నమీబియాలో గెరిల్లాలు రోడ్ల కింద మైన్లు పెట్టేవాళ్లు. వాటిని తట్టుకోవడానికి తెల్ల ప్రభుత్వాలు కొత్తరకం బండ్లు చేసుకున్నాయి. అడుగుభాగం చదునుగా ఉంటే పేలుడు దెబ్బంతా బండి మీదే పడుతుంది. ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా కోసుగా ఉంటే దెబ్బ పక్కలకు చీలిపోతుంది. 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలో తయారైన క్యాస్పిర్ ఆ జాతిదే. ఆ దేశపు శాస్త్ర పరిశోధన మండలి, పోలీసు శాఖల పేర్ల పొడి అక్షరాల్ని కలగలిపి దానికా పేరు పెట్టారు. నమీబియాలో కూవుట్ అనే పోలీసు దళం చంపినవాళ్ల శవాల్ని ఈ బండ్లకు కట్టి ఊళ్లలో తిప్పేది.

అదే బండి మన దేశానికొచ్చింది. దాని ఆధారంగా మెదక్ దగ్గర ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో ‘ఆదిత్య’ అనే మైన్‌ప్రూఫ్ వాహనం తయారైంది. వర్ణవివక్ష ప్రభుత్వం కోసం గీసిన డిజైను తెలంగాణ కార్మికుల చేతుల మీదుగా దండకారణ్యం రోడ్ల మీదికి చేరింది. అది కూడా ఆపలేకపోయింది. మైన్‌ప్రూఫ్ అంటే ఎంత మందుకి ప్రూఫ్ అన్నదే లెక్క. 2005 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టులు ఆ రకం బండిని పేల్చితే 20 మందికి పైగా జవాన్లు చనిపోయారు. ఇక్కడ బండి మందం పెరిగితే అక్కడ మందు బరువు పెరుగుతుంది. రెండు వైపులా లెక్కలు వేసేది ఇంజనీర్లే.

దక్షిణాఫ్రికాలో పుట్టిన రాల్ఫ్ జిమన్ అనే కళాకారుడు ఒక పాత క్యాస్పిర్‌ను తీసుకుని, పూసల పనివాళ్లతో దాన్ని చక్రాల దాకా రంగురంగుల గాజుపూసలతో కప్పించాడు. చిన్నప్పుడు తనను భయపెట్టిన బండిని అందరూ దగ్గరికొచ్చి చూసేలా చేశాడు. ఎద్దుమైలారంలో ఆ బండికి వెల్డింగ్ చేసిన మనిషి గురించి తెలుగులో ఒక్క కథైనా ఉంటే చదవాలని నాకు ఆశ.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. లోపల లేనివాళ్లు ఎట్లా రాస్తారు అన్నది మొదటిది. అదీచీ పుట్టింది 1977లో. యుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్లు. ఆమె తాతలిద్దరూ ఆ యుద్ధకాలంలోనే పోయారు. ఇంట్లోవాళ్లను అడిగింది, చదివింది, రాసింది. రాస్తే ఎవరూరుకుంటారు అన్నది రెండోది. ఇది తీసేయాల్సిన మాట కాదు. 2005 ఆగస్టులో ప్రభుత్వం విరసాన్నే నిషేధించిన నేల ఇది. మీట నొక్కినవాణ్ణి మనిషిగా రాస్తే ఒకరు అనుమానిస్తారు, బండిలో ఉన్నవాణ్ణి మనిషిగా రాస్తే ఇంకొకరు ద్రోహి అంటారు. ఆటబొమ్మా, గుర్తూ ఇంతకాలం మనకు పనికొచ్చింది అందుకేనేమో. ఆ రెండిట్లో ఎవరికీ జవాబు చెప్పే పని లేదు.

ఇప్పుడా సౌకర్యం అయిపోయింది. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో చనిపోయిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు శ్రీకాకుళం జిల్లావాడు, వరంగల్ ఆర్‌ఈసీలో బీటెక్ చదివినవాడు, పేలుడు పదార్థాల్లో దిట్టగా పేరున్నవాడు. అలిపిరి దాడి వెనక ఆయన ఉన్నాడని పత్రికలు రాస్తూ వచ్చాయి. బయాఫ్రా ప్రయోగశాలల్లోని మేష్టర్లు, క్యాస్పిర్ గీసినవాళ్లు, ఈయన అందరూ ఒకే రకం పాఠ్యపుస్తకాలు చదివి ఉంటారు. ఇంజనీరింగ్ చదివిన నాబోటివాణ్ణి ఈ సంగతి ఊరికే వదలదు. ఆ చదువు అలిపిరి రోడ్డు దాకా ఎట్లా నడిచిందో వాదనగా చెప్పేవాళ్లు రెండు వైపులా ఉన్నారు, కథగా చెప్పినవాళ్లు లేరు.

అదే ఏడాది అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో పదుల మందితో కలిసి లొంగిపోయాడు. ఇలాంటి రోజుల్లో పేపర్లలో వచ్చే ఫొటోలు ఒకేలా ఉంటాయి. ముందు వరసగా పేర్చిన తుపాకులు, వెనక నిలబడ్డ మనుషులు. తుపాకుల లెక్క కింద రాస్తారు. వెనకున్నవాళ్లలో వైరు చివర కూర్చున్నవాళ్లు ఉండొచ్చు. వాళ్లు ఊళ్లకు తిరిగొస్తున్నారు. అదే ఊళ్లలో పేలిన బండిలోంచి బతికొచ్చిన హోంగార్డులూ డ్రైవర్లూ ఉంటారు, బండి కిందపడి చచ్చినవాళ్ల పెళ్లాలు ఉంటారు. రేషన్ షాపు దగ్గర ఒకే వరసలో నిలబడతారు. అదీచీ తన ఇంట్లోవాళ్లను అడిగినట్టు వీళ్లను అడిగి రాసే రచయిత మనకు కావాలి. ఆలస్యమైతే అడగడానికి వాళ్లుండరు, మనకు తుపాకుల లెక్కే మిగులుతుంది.