లక్కపిడతల వెనక మనస్తత్వ శాస్త్రం

సిగ్మండ్ ఫ్రాయిడ్ మనవడికి అప్పుడు ఏడాదిన్నర. దారం కట్టిన చెక్క రీలును మంచం అవతలికి విసిరేవాడు. అది కనబడకుండా పోగానే ‘ఓ...’ అని రాగం తీసేవాడు. దారం లాగి రీలు మళ్లీ కంటబడగానే సంబరపడిపోయేవాడు. అమ్మ బయటికి వెళ్తే ఆపడం వాడి వల్ల కాదు. రీలును పంపడం, రప్పించడం మాత్రం వాడి ఇష్టం. అమ్మ లేని దిగులును పిల్లాడు ఆటలో ఇలా అదుపులోకి తెచ్చుకుంటున్నాడని ఫ్రాయిడ్ 1920లో రాశాడు.

పిల్లల వ్యక్తిత్వం గురించిన సిద్ధాంతాల్లో ఇలాంటి చెక్క వస్తువులు తరచూ తగులుతుంటాయి. 1920లలో బెర్లిన్‌లో మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ తన దగ్గరికొచ్చే పిల్లలకు చిన్న చిన్న చెక్క మనుషులు, బండ్లు, జంతువులు ఇచ్చి ఆడుకోమనేది. పెద్దవాళ్లు మాటల్లో చెప్పుకునేది పిల్లలు ఆటలో చెబుతారన్నది ఆమె పద్ధతికి ఆధారం. ఆ సిద్ధాంతాలు చదివాక అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మను చేతిలోకి తీసుకుంటే, అది ఏ వయసు పిల్లకు ఏం ఇస్తుందో తెలిసొస్తుంది.

యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తేలిగ్గా, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది. ఆరబెట్టిన కర్రను లేత్ మిషన్‌కు బిగించి, తిరుగుతుండగా ఉలి ఆనించి రూపం తెస్తారు. తర్వాత రంగు కలిపిన లక్కను ఆ కర్రకే అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి చెక్కకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో ఒత్తితే నునుపు తేలుతుంది. మిషన్ మీద తిరుగుతూ తయారైంది కాబట్టి బొమ్మ గుండ్రంగా ఉంటుంది, గుచ్చుకునే మూలలుండవు. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటివాటి నుంచి రంగులు తీస్తారు. ఈ సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

రంగు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఏడాది లోపు బిడ్డకు గిలక్కాయ ఇస్తే ముందు నోట్లోనే పెడుతుంది. ఫ్రాయిడ్ దీన్ని మౌఖిక దశ అన్నాడు. మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో జీవితాన్ని ఎనిమిది దశలుగా విడదీసి, మొదటి దశలో బిడ్డ నేర్చుకునేది నమ్మకమన్నాడు. ఆకలేస్తే పాలు అందాలి, ఏడిస్తే ఎత్తుకునే చేయి ఉండాలి. నోట్లో పెట్టుకున్న వస్తువు హాని చేయకపోవడమూ ఆ నమ్మకంలో భాగమేనని నేనంటాను.

మనస్తత్వవేత్త జాన్ పియాజే తన ముగ్గురు పిల్లలనే గమనించి చాలా సంగతులు రాసుకున్నాడు. గిలక్కాయ మీద గుడ్డ కప్పితే అయిదు నెలల బిడ్డ దాన్ని మరిచిపోయినట్టే ఉంటుంది. ఎనిమిది నెలలు దాటాక గుడ్డ లాగి వెతుకుతుంది. కనబడనిదీ ఉందని పిల్లలకు అంతకంటే ముందే తెలుస్తుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. కానీ గుడ్డ కప్పి చూడాలన్న ఆలోచన పియాజేదే.

మూడేళ్లు దాటాక లక్కపిడతల కాలం. పొయ్యి, గిన్నెలు, గరిట అన్నీ అరచేతిలో పట్టేంత. ఇసుకే అన్నం, ఆకులే కూర. ఆడుకునే పిల్లను కాసేపు చూడండి. పక్కనున్న పిల్ల చేయి చాపితే, “ఇంకా ఉడకలేదత్తా, కూర్చో!” అంటుంది. ఉన్నది ఇసుకని దానికి తెలుసు. అయినా వంట పూర్తి కాకుండా వడ్డించదు. అన్నానికి ఆగలేక ఇందాక ఇంట్లో గోల చేసిన పిల్లే ఇప్పుడు ఇంకొకరిని ఆగమంటోంది! రష్యా శాస్త్రవేత్త వైగోత్‌స్కీ పట్టుకున్నది సరిగ్గా ఇదే. అమ్మ వేషం కట్టిన పిల్ల అమ్మ పాటించే నియమాలన్నీ పాటించాలి. నిగ్రహం అలా ఆటలోంచి అలవడుతుంది. ఇదే వయసులో తనంతట తాను ఒక పని తలపెట్టే చొరవ పుడుతుందని ఎరిక్సన్ అన్నాడు.

ఆరేళ్లు దాటాక బొంగరం. మొదట పక్కకు ఒరిగిపోతుంది, మళ్లీ తిప్పాలి. ఎరిక్సన్ లెక్కలో ఇది పనితనం అబ్బే వయసు. అబ్బకపోతే మిగిలేది న్యూనత. “నీకు రాదులే, ఇలా తే” అని లాక్కునే పెద్దవాళ్లు పిల్లలకు బొంగరం తిప్పడం నేర్పరు, రాదన్న సంగతి మాత్రం నేర్పుతారు.

ఈ సిద్ధాంతాలకూ లోపాలున్నాయి. ఫ్రాయిడ్ ఒక్క పిల్లాడి ఆట నుంచి చాలా దూరం వెళ్లాడు. ఆయన చూపు అమ్మానాన్నల దగ్గరే ఆగింది. మామ్మ, పిన్ని, మేనత్తల ఒళ్లో పెరిగే పిల్లల సంగతి అక్కడ తక్కువ. భారతీయ కుటుంబంలో బాల్యం మీద మనోవిశ్లేషకుడు సుధీర్ కకర్ 1978లో పుస్తకం రాశాడు. ఈ సిద్ధాంతాలు చదివి ఫలానా పిల్ల రేపు ఏమవుతుందో జోస్యం చెప్పలేం. ఈ రోజు ఏం చేస్తోందో చూడటానికి మాత్రం ఇవి బాగా పనికొస్తాయి.

బ్యాటరీ బొమ్మ తానే పాడుతుంది, తానే నడుస్తుంది. పిల్ల చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. లక్కబొమ్మ ఏమీ చేయదు కనుక అంతా పిల్లే చేయాలి. అలాంటి బొమ్మను కొని షోకేసులో పెట్టి తాళం వేస్తున్నాం. తీసి పిల్లల చేతికివ్వండి. రంగు పోతుందేమో, సొట్ట పడుతుందేమో, పడనివ్వండి. పక్కన కూర్చుని, పిలిస్తే తప్ప ఆటలో వేలు పెట్టకండి.