మూడవ డిస్కు కంట్రోలరు: ‘బాక్స్’ ఎమ్యులేటరుపై ఒక విమర్శ

పాతకాలపు కంప్యూటరు నేడు దొరకుట కష్టము. దొరకినను పని చేయునను నమ్మకము లేదు. అట్టి యంత్రము చేయు పనులన్నింటిని నేటి కంప్యూటరులో ప్రోగ్రాము రూపమున అనుకరించు సాధనమునకు ఎమ్యులేటరని పేరు. 1994లో కెవిన్ లాటన్ ప్రారంభించిన ‘బాక్స్’ అట్టివానిలో ఒకటి. 2000లో మాండ్రేక్‌సాఫ్ట్ సంస్థ దానిని కొని, మూల ప్రోగ్రాముతోసహా అందరకు విడుదల చేసినది. వెల లేక లభించుటచే ఇది విద్యాలయములకు అనువైనది. ఇందు అదనపు డిస్కు కంట్రోలర్లను అమర్చు విధానమును మాత్రము ఇచ్చట పరిశీలింతము.

1984లో వచ్చిన ఐబీఎం పీసీ-ఏటీ, దాని వంశపు యంత్రములలో, ప్రాసెసరు ప్రతి ఉపకరణమును ఒక చిరునామాచే గుర్తించును. ఇది వీధిలో ఇంటి నంబరు వంటిది. పని ముగిసినదని ఉపకరణము తెలుపుటకు వేరుగా ఒక అంతరాయ తీగ కలదు. ఇది తలుపు గంట వంటిది. ఈ తీగలు మొత్తము 16. అందొకటి రెండు అంతరాయ చిప్పులను కలుపుటకే పోవును గనుక 15 మిగులును. ఒకే తీగను రెండు పాత కార్డులు పంచుకొనుట సాధారణముగా పొసగదు.

మొదటి డిస్కు కంట్రోలరు చిరునామా 1ఎఫ్0, తీగ 14. రెండవదానికి 170, 15. (ఇవి షోడశాంశ చిరునామాలు, ఇందు ‘ఇ’ అనగా 14, ‘ఎఫ్’ అనగా 15.) ఒక్కొక్క కంట్రోలరునకు రెండు డిస్కులు చొప్పున నాలుగు అమరును. బాక్సులో మరి రెండు కంట్రోలర్లను చేర్చి ఎనిమిదింటిని అమర్చవచ్చును. ప్రతిదానికి రెండు చిరునామాలను, తీగ సంఖ్యను మనమే వ్రాయవలెను. ఈ శ్రమ మెచ్చదగినది. సంఖ్యలను దాచిపెట్టు సాధనముతో విద్యార్థి డిస్కును చూచునే గాని, యంత్రమును చూడడు.

లోపము మాదిరి ఫైలులో ఉన్నది. మూడవ కంట్రోలరునకు 1ఇ8, 3ఇ0, 11 అనియు, నాలుగవదానికి 168, 360, 9 అనియు అందు చూపిరి. కారణము చెప్పలేదు. బాక్స్ రెండవ చిరునామాకు 6 కలిపి, అచ్చట నియంత్రణ రిజిస్టరును ఉంచును. పాత లినక్సు మొదటి చిరునామాకు 206 కలిపి అదే రిజిస్టరును వెదకును. మొదటి కంట్రోలరు విషయమున 3ఎఫ్0కు 6 కలిపినను, 1ఎఫ్0కు 206 కలిపినను 3ఎఫ్6 వచ్చును, చిక్కు లేదు. మూడవదానికి బాక్స్ లెక్క 3ఇ6, లినక్సు లెక్క 3ఇఇ. నాలుగవదానికి తీగయు కుదరదు: బాక్స్ మాదిరిలో 9, లినక్సు అనుకొనునది 10. మాదిరిని నమ్మి నకలు తీసిన విద్యార్థికి డిస్కు సరిగా నడవనిచో, తప్పు తనదే యని భ్రమపడును.

అట్లయిన 3ఇ0 బదులు 3ఇ8 వ్రాసిన చాలునా? రిజిస్టరు 3ఇఇకి వచ్చును నిజమే. కాని 3ఇ8 మొదలు 3ఇఎఫ్ వరకు మూడవ సీరియలు పోర్టు స్థానము. ఆ పోర్టును కూడ అమర్చినచో ఒకే ఇంటిలో ఇద్దరు దిగినట్లగును. మాదిరిలోని సంఖ్య ఈ ఘర్షణను తప్పించుచున్నది. కావున దానిని తప్పనరాదు, వివరింపకపోవుటయే తప్పు. మొదటి రెండు కంట్రోలర్లకువలె తక్కిన రెండింటికి అందరు పాటించు కట్టడి ఏర్పడలేదు.

ఇందుకు సులభమైన ఉపాయము కలదు. బాక్స్ సంఖ్యలను మార్చక, పాత లినక్సునకే ప్రారంభమున 1ఇ8, 3ఇ6, 11 అని తెలుపవచ్చును. ఆ సదుపాయము దానికి కలదు. ఎమ్యులేటరులో కంట్రోలరును చేర్చుట సగము పని మాత్రమే. లోపల నడచు వ్యవస్థకు దాని ఉనికి తెలియవలెను.

కావున బాక్సును తరగతికి నిస్సందేహముగ సిఫారసు చేయవచ్చును, కాని మాదిరి ఫైలును యథాతథముగ ఇయ్యరాదు. ముందుగా ఉపకరణము, చిరునామాలు, తీగ అను మూడు గడులతో పట్టికను విద్యార్థులచేత వ్రాయించి, ఏ రెండును ఢీకొనకుండ సరిచూపించి, తరువాతనే యంత్రమును నడిపింపవలెను.