17 సెంచరీల తూకం

వి.వి.ఎస్. లక్ష్మణ్ గొప్పవాళ్ల వరసలో కూర్చోదగినవాడా, కాదా? మా తీరంలో మైపాడు నుంచి గంగపట్నం దాకా రొయ్యల గుంటల గట్ల మీద ఈ తగువు ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. ఏరేటర్లు ఆగిపోతే తెల్లారేసరికి గుంట మొత్తం తేలిపోతుంది కాబట్టి కాపలా ఉన్నవాళ్లు నిద్రపోకూడదు. నిద్రను ఆపడానికి క్రికెట్ తగువును మించింది లేదు. ఆస్ట్రేలియాలో టెస్టు ఉంటే మరీ మంచిది, తెల్లారుజామున ఐదింటికే ఆట మొదలవుతుంది. నేనూ ఆ గట్ల మీద కూర్చుని గొంతు పోయేలా వాదించేవాణ్నే. ఒక ఆటగాడు గొప్పవాడా కాదా అని వాదించడం కాలక్షేపమని నేను ఏనాడూ అనుకోలేదు. అదొక పని. దానికి సరుకు కావాలి, ఓపిక కావాలి, ఎదుటివాడి మాటలో బలం ఎక్కడుందో చూసే కన్ను కావాలి.

ముందు కొలబద్ద సంగతి. అంతర్జాతీయ క్రికెట్ మండలి 2009లో హాల్ ఆఫ్ ఫేమ్ పెట్టింది. రిటైరై ఐదేళ్లు దాటిన బ్యాటరును అందులో చేర్చుకోవడానికి ఐసీసీ చెప్పిన కొలత ఇది: టెస్టుల్లో గానీ వన్డేల్లో గానీ 8,000 పరుగులు, 20 సెంచరీలు ఉండాలి. లేదంటే సగటు 50 దాటాలి. లక్ష్మణ్ ఆడిన టెస్టులు 134, చేసిన పరుగులు 8,781, సగటు 45.97, సెంచరీలు 17. పరుగుల గడప దాటాడు, సెంచరీల గడప దగ్గర మూడడుగుల దూరంలో ఆగిపోయాడు. ద్రవిడ్‌ను 2018లో, సచిన్‌ను 2019లో, సెహ్వాగ్‌ను 2023లో లోపలికి పిలిచారు. వాళ్లతో కలిసి ఆడిన హైదరాబాదు వాడికి ఇంకా పిలుపు రాలేదు.

మా గట్టు మీద లక్ష్మణ్‌కు ఎదురు వాదించే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన వాదన తేలిగ్గా తోసేసేది కాదు. "ద్రవిడ్ 13,288 పరుగులు చేసినాడు, 36 సెంచరీలు. సచిన్‌వి 51. నీ లక్ష్మణ్‌కి 56 హాఫ్ సెంచరీలుండాయి, అవి సెంచరీలెందుక్కాలేదు? జట్టులో మూడో మనిషో నాలుగో మనిషో అయినోణ్ని తెచ్చి ముందు బల్ల మీద కూర్చోబెట్టమంటే ఎట్టబ్బయ్యా?" అంటారు. అక్కడితో ఆగరు. నాటౌట్లు 34 ఉన్నాయనీ, వాటివల్ల సగటు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుందనీ కూడా లెక్క చెబుతారు. ప్రపంచ కప్పులో ఒక్క మ్యాచ్ ఆడలేదన్నది చివరి దెబ్బ. అన్నీ నిజాలే.

ఒక రాత్రి ఆయనకు జవాబు చెప్పింది నేను కాదు, పక్క గుంట రైతు. చెక్ ట్రే పైకి లాగి రొయ్యల్ని టార్చి వెలుగులో చూసుకుంటూ అన్నాడు: "అంకె పెరిగితే విలువ పెరుగుద్దని ఎవురు చెప్పినారు మాస్టారూ? మా కాడ అంకె తగ్గేకొద్దీ రేటు." రొయ్యల బేరం ఎరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 100 కౌంట్ అంటే కిలోకు వంద రొయ్యలు తూగుతాయి, 30 కౌంట్ అంటే ముప్పై. 30 కౌంట్‌కే ధర. అంటే లెక్కబెట్టే ముందు ఒక్కొక్కటీ ఎంత బరువుందో చూడమని అతని మాట. లక్ష్మణ్ గురించి నేను చెప్పాలనుకున్నది అంతకన్నా సూటిగా నాకు చేతకాలేదు.

కానీ బరువు అనగానే లక్ష్మణ్ అభిమానులందరూ ఒకే చోటికి పరిగెత్తుతారు, 2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. నాకు అక్కడే అభ్యంతరం. ఆ ఇన్నింగ్స్ మీద నాకు అభ్యంతరం ఎందుకుంటుంది! వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన స్టీవ్ వా ఆస్ట్రేలియా జట్టు మనల్ని 171కి ఆలౌట్ చేసి ఫాలో ఆన్ ఆడించింది. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో దిగి 59 చేసినవాణ్ని రెండోసారి మూడో స్థానంలో పంపారు. 452 బంతులు, 44 ఫోర్లు, 281. ద్రవిడ్‌తో కలిసి 376. మార్చి 14న పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. భారత బ్యాటర్ల అత్యధిక స్కోరు అప్పటిదాకా గవాస్కర్ 1983లో చెపాక్‌లో చేసిన 236 నాటౌట్. అది చెరిగిపోయింది. మ్యాచ్ 171 పరుగుల తేడాతో గెలిచాం. దీన్ని ఎవరు మరిచిపోతారు?

అయితే 281ని పట్టుకుని లక్ష్మణ్ తరఫున వాదించేవాళ్లు తమకు తెలియకుండానే ఆయనకు అన్యాయం చేస్తున్నారు. ఆ ఒక్క అంకె కింద మిగతా పదహారేళ్లు మూతబడిపోయాయి. ఎదుటివాడు వెంటనే, సరే, ఒక్క మ్యాచ్ ఆడాడు, తర్వాత? అంటాడు. ఆ తర్వాత చెప్పాల్సిందే అసలు కథ. నన్నడిగితే లక్ష్మణ్ కేసు 281తో మొదలుపెట్టకూడదు. 73తో మొదలుపెట్టాలి.

మొహాలీ, 2010 అక్టోబరు, మళ్లీ ఆస్ట్రేలియా. గెలవాలంటే 216. లక్ష్మణ్‌కు నడుము పట్టేసింది, వంగలేడు, పరుగెత్తలేడు. సురేశ్ రైనా రన్నర్‌గా వచ్చాడు. సచిన్, ధోనీ, హర్భజన్ వెంటవెంటనే వెళ్లిపోయారు. 124 పరుగులకు 8 వికెట్లు. ఇంకా 92 కావాలి, ఎదురుగా ఉన్నది ఇషాంత్ శర్మ. అక్కణ్నుంచి ఏం చేశాడో నిదానంగా చూడాలి. తోకను ఆడించే బ్యాటరు సాధారణంగా బంతులన్నీ తనే ఆడాలని చూస్తాడు, ఓవరు చివర ఒక సింగిల్ తీసి అవతలికి పోతాడు. లక్ష్మణ్ ఇషాంత్‌ను నమ్మాడు. బంతులు అతనికీ వదిలాడు. తను మాత్రం కాలు పెద్దగా కదిపే వీల్లేక నిలబడ్డ చోటి నుంచే మణికట్టు తిప్పి బంతిని ఖాళీల్లోకి పంపాడు. ఇద్దరూ కలిసి 81 చేశారు. 31 పరుగుల దగ్గర ఇషాంత్ ఎల్బీ అయ్యేసరికి ఇంకా 11 కావాలి, ఒక్క వికెట్టే మిగిలింది.

పదకొండో బ్యాటరు ప్రజ్ఞాన్ ఓఝా. ఒక పరుగుకు అతను వెనకాడినప్పుడు లక్ష్మణ్ బ్యాటు పైకెత్తి మైదానం అదిరేలా అరిచాడు. ఆ మనిషి ఎవరి మీదా గొంతు పెంచగా అంతకుముందు మేం చూడలేదు. టీవీ ముందు ఉన్నవాళ్లందరం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాం. గెలుపు ఆయనకు ఎంత కావాలో ఆ అరుపుతో తెలిసింది. ఆ తర్వాత ఓఝా మీద ఎల్బీ అప్పీలు, అంపైర్ కాదన్నాడు, వికెట్లకు విసిరిన బంతి తగలకుండా బౌండరీకి పోయి నాలుగు ఓవర్‌త్రోలు వచ్చాయి. చివరికి లెగ్‌బైలతో ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. లక్ష్మణ్ 79 బంతుల్లో 73 నాటౌట్. ఇది ఐసీసీ కొలబద్ద మీద ఎక్కడ పడుతుంది? సెంచరీ కాదు కాబట్టి ఎక్కడా పడదు.

ఆ ఒక్క ఏడాదిలోనే ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆగస్టులో కొలంబోలో, అప్పుడూ నడుము నొప్పే, 257 ఛేదించాల్సిన మ్యాచ్‌లో 103 నాటౌట్. డిసెంబరులో డర్బన్‌లో స్టెయిన్, మోర్కెల్ బంతి లేపుతుంటే 38, 96. నాలుగు ఇన్నింగ్స్‌లలో ఏ జట్టూ 230 దాటని ఆ మ్యాచ్‌లో మన రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ ఆయనదే పెద్ద స్కోరు. గెలిచింది 87 పరుగుల తేడాతో. వెనక్కి వెళ్తే, ఈడెన్ అయిపోయిన వారానికే చెపాక్. మా వైపు నుంచి నాయుడుపేట, సూళ్లూరుపేట మీదుగా రైలెక్కి వెళ్లినవాళ్లు ఇప్పటికీ హర్భజన్ 15 వికెట్లు, చివరి పరుగులూ చెబుతారు. 155 పరుగులు కూడా కొండలా కనిపించిన ఆ నాలుగో ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ చేసిన 66ను మాత్రం ఎవరో గుర్తుచేయాలి. అది లేకపోతే రెండు వికెట్ల తేడాతో గెలుపు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఐదో స్థానంలో, ఆరో స్థానంలో ఆడే మనిషికి సెంచరీ అన్నది తన చేతిలో ఉన్న పని కాదు. మూడో స్థానంలో దిగినవాడికి ముందు రోజంతా ఉంటుంది, వెనక ఎనిమిదిమంది ఉంటారు. ఆరో స్థానం వాడు దిగేసరికి ఒక్కోసారి వెనక బౌలర్లే మిగిలి ఉంటారు. మాస్టారు చెప్పిన 34 నాటౌట్లలో అక్కణ్నుంచి వచ్చినవే ఎక్కువ. నాటౌట్ సగటును కాస్త పెంచిన మాట నిజం. కానీ అదే నాటౌట్ ఎన్ని సెంచరీలను మధ్యలో ఆపిందో కూడా లెక్కలోకి తేవాలిగదా!

మా తీరంలో పిల్లలకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. మైపాడు దగ్గర సముద్రం పాటుకు పోయినప్పుడు తడి ఇసుక గట్టిగా చాపలా పరుచుకుంటుంది, టెన్నిస్ బంతి దాని మీద బాగా లేస్తుంది. పోటు వచ్చేలోగా ఆట ముగించాలి. ఎనిమిదేసి ఓవర్ల ఆటలో ఎవరు మొత్తం ఎన్ని పరుగులు చేశారన్నది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. నీళ్లు మడమల దాకా వచ్చినప్పుడు, చివరి జోడీ ఉన్నప్పుడు, ఎవడు నిలబడ్డాడన్నది మాత్రం తర్వాతి ఆదివారం జట్లు పంచుకునేటప్పుడు పనికొస్తుంది. మొదట ఎంచుకునేది వాణ్నే.

ఇలాంటి తగువు మనకొక్కరికే లేదు. మా అన్న కొడుకు అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో చదువుకున్నాడు, మనవాళ్లందరికీ వెంకటేశ్వర స్వామి గుడితో తెలిసిన ఊరే. అక్కడ బేస్‌బాల్ ఆడిన బిల్ మజరోస్కీ అనే ఆయన మీద దశాబ్దాలపాటు ఇదే వాదన నడిచింది. 1960 అక్టోబరు 13న, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, చివరి అంకం, న్యూయార్క్ యాంకీస్‌తో 9-9 సమానంగా ఉన్నప్పుడు ఒక్క హోమ్ రన్ కొట్టి ట్రోఫీ తెచ్చాడు. బ్యాటరుగా మొత్తం లెక్కలు చూస్తే మామూలు మనిషే. ఆ దేశంలో హాల్ ఆఫ్ ఫేమ్‌కు క్రీడా విలేకరులు ఓటేస్తారు, నూటికి 75 మంది సరేనంటేనే చోటు. పదిహేనేళ్లు ఓటింగులో ఉన్నా ఆయనకు సగం ఓట్లు కూడా పడలేదు. చివరికి పాత ఆటగాళ్ల కోసం ఉన్న వేరే కమిటీ 2001లో చోటిచ్చింది. ఈడెన్ జరిగిన సంవత్సరమే. ఆనాటి మైదానం గోడ ముక్క ఇంకా నిలిచి ఉందట, ఏటా ఆ తేదీన జనం అక్కడ చేరి పాత రేడియో వ్యాఖ్యానం వింటారట. మజరోస్కీని వెనకేసుకొచ్చినవాళ్లలో గట్టిగా వాదించినవాళ్లు ఆ హోమ్ రన్‌ను పక్కనపెట్టారు. ఏళ్లకేళ్లు అతని చేతుల్లోంచి జారని బంతుల్ని, ఒకే దెబ్బకు ఇద్దర్ని ఔట్ చేసిన వందలాది సందర్భాల్ని ముందు పెట్టారు. లక్ష్మణ్ విషయంలో మనం చేయనిది అదే.

వాదించేవాడు తన మనిషి మచ్చల్ని దాచకూడదు. 2011లో ఇంగ్లండ్‌లో నాలుగు టెస్టులు ఆడి 182 పరుగులు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టులు, 155. ఒకప్పుడు వాళ్లను ఏడిపించిన గడ్డ మీదే బ్యాటు ఆలస్యంగా దిగడం చూసి నాకు బాధేసింది. మాస్టారు ఈ అంకెలు తెచ్చినప్పుడల్లా ఒప్పుకుంటాను. దానికి ఎదురుగా నేను పెట్టేది మొదటి రోజులు. 1996లో అహ్మదాబాదులో మొదలైన మనిషిని, మధ్యలో ఆడేవాణ్ని, ఏళ్ల తరబడి ఓపెనర్‌గా పంపారు. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టాడు, అయినా జట్టులో చోటు కుదురుకోలేదు. ఇక ఓపెనింగ్ చేయనని చెప్పి రంజీకి వెళ్లి 1999-2000 సీజన్‌లో 1,415 పరుగులు, 8 సెంచరీలు చేసి తన స్థానం తనే అడిగి తెచ్చుకున్నాడు. తనది కాని చోట పోయిన ఆ ఏళ్లలో, 20కి తక్కువైన ఆ మూడు సెంచరీలు ఉండేవని నా గట్టి నమ్మకం.

ఇంకో మాట. అంకెలే తుది తీర్పైతే కల్నల్ సి.కె. నాయుడిని ఏం చేస్తాం? 7 టెస్టులు, 350 పరుగులు, సగటు 25. అంతే. కానీ 1932లో లార్డ్స్‌లో భారత జట్టును తొలి టెస్టుకు నడిపించింది ఆయన, 1926లో బొంబాయిలో ఎంసీసీ బౌలర్ల మీద 11 సిక్సర్లతో 153 కొట్టి మనకు టెస్టు హోదా ఇవ్వక తప్పదనిపించింది ఆయన. భారత క్రికెట్ బోర్డు ఇచ్చే పెద్ద పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. ఆ తెలుగు బిడ్డను గొప్పవాడు కాదనే ధైర్యం మాస్టారికీ లేదు. ఆయన విషయంలో పరుగులు కాక కాలాన్ని చూశాం. లక్ష్మణ్ విషయంలో ఏ పూట, ఎవరి మీద, వెనక ఎవరు మిగిలి ఉండగా అన్నది చూడమంటున్నాను. ఆస్ట్రేలియా మీద 29 టెస్టుల్లో 2,434 పరుగులు, 6 సెంచరీలు. తన కాలంలో అందరికన్నా బలమైన జట్టు మీద తన సగటును మించి ఆడిన మనిషి ఆయన. నా ఓటు ఆయనకే. ముందు బల్ల మీదే, చివర కాదు.

మాస్టారు పూర్తిగా దిగిరాలేదు. మొన్న మాత్రం, "అట్టయితే గుండప్ప విశ్వనాథ్‌ని కూడా తేవాలిగదయ్యా, ఆయనవి 14 సెంచరీలే" అన్నారు. తేవాల్సిందే. 1975 జనవరి, చెపాక్, వెస్టిండీస్. ఆండీ రాబర్ట్స్ ఏడు వికెట్లు తీస్తుంటే జట్టు మొత్తం 190, అందులో విశ్వనాథ్ 97 నాటౌట్. మూడు పరుగులకు తోడు నిలిచేవాడు దొరకలేదు. మ్యాచ్ 100 పరుగుల తేడాతో గెలిచాం. ఆ స్కోరుకార్డు ఒకటి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.